సంపాదనపై స్థానిక పన్ను, సమ్మతి ప్రశ్న: మోతుర్ఫా నుండి వృత్తి పన్ను వరకు

ఉపోద్ఘాతం

పన్నును గురించి తెలుగునాట జరిగిన చారిత్రక చర్చ ప్రధానంగా భూమి చుట్టూ తిరిగింది. శిస్తు, పుల్లరి, జమాబందీ, శిస్తు నిరాకరణ అనే మాటలకు మన చరిత్ర గ్రంథాలలోను, ఆధునిక సాహిత్యంలోను గట్టి స్థానం ఉంది. భూమి లేనివాడు, అంటే మగ్గం మీద, కొలిమి మీద, అంగడి మీద, చివరకు నెల జీతం మీద బతికేవాడు చెల్లించిన పన్నుకు ఆ స్థానం దక్కలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పన్ను పరిధిలోకి వచ్చే ప్రతి ఉద్యోగి జీతపు చీటీలో నేడు 'వృత్తి పన్ను' అనే చిన్న కోత కనిపిస్తుంది. దీని పూర్వ చరిత్ర గ్రామచావడి నుండి రాజ్యాంగం వరకు విస్తరించింది. ఒక శతాబ్దానికి పైగా ఇది పురపాలక సంఘాల ఆదాయం. 1987లో అది వాటి చేతి నుండి జారిపోయింది.

ఈ వ్యాసం ఆ చరిత్రను మూడు ప్రశ్నలతో పరిశీలిస్తుంది. సంపాదనపై పన్నును ఎవరు వసూలు చేశారు? వసూలైన ధనం ఎక్కడ ఖర్చయింది? ఈ రెండు విషయాలలో పన్ను కట్టేవారి సమ్మతిని ఎవరైనా అడిగారా? మూడవ ప్రశ్నకు స్పష్టత కోసం అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో రెండు నగరాలు తమ సంపాదన పన్నును నిలుపుకొన్న తీరు పోలికగా స్వీకరించబడింది. అక్కడి స్థానిక ప్రభుత్వాలు ఆ పన్ను కోసం ఓటరు ముందు నిలబడవలసి వచ్చింది. ఇక్కడి స్థానిక సంస్థలకు ఆ అవసరమూ రాలేదు, అవకాశమూ రాలేదు.

1. వృత్తిపై పన్ను: పూర్వరంగం

మధ్యయుగపు శాసనాలలో పన్నులు స్థూలంగా రెండు విధాలు. సరుకు కదలికపై పడేది సుంకం. మనిషి చేసే పనిపై, ఆ పనికి ఆధారమైన పరికరంపై పడేది వృత్తిపన్ను. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం మొదటి కోవలోనిది. సముద్ర వర్తకులకు రక్షణ కల్పించి, సుంకాన్ని పరిమితం చేసిన ఆ శాసనానికి ఆర్థిక చరిత్రలో తగిన ప్రసిద్ధి లభించింది. రెండవ కోవకు చెందిన ఆధారాలు అంతగా ప్రచారంలోకి రాలేదు.

విజయనగర కాలంలో మగ్గం, గానుగ వంటి పరికరాలపైన, వివిధ చేతివృత్తులపైన పన్నులుండేవి. సదాశివరాయల కాలంలో అళియ రామరాయలు కొండోజు అనే క్షురకుని సేవకు మెచ్చి, ఆ వృత్తివారిపై ఉన్న పన్నులను తొలగించిన ఉదంతం ఇక్కడ ముఖ్యం. 16వ శతాబ్ది మధ్యకాలానికి చెందిన పలు శాసనాలు ఆ మినహాయింపును వేర్వేరు ప్రాంతాలలో ప్రకటించాయి. ఒక వ్యక్తికి చేసిన ఉపకారం ఒక వృత్తి మొత్తానికి వర్తించింది. దీనిని బట్టి రెండు విషయాలు తెలుస్తాయి. వృత్తిపై పన్ను సామాన్యునికి ఎంత బరువుగా ఉండేదంటే, దాని తొలగింపు రాతిపై చెక్కి ఊరూరా తెలియజేయదగిన వార్త అయింది. ఆ తొలగింపు హక్కుగా కాక ప్రభువు అనుగ్రహంగా వచ్చింది. పన్ను వేసేటప్పుడు గాని, తీసేటప్పుడు గాని సమ్మతి అనే భావనకు అక్కడ చోటు లేదు.

2. మోతుర్ఫా, వీసబడి

ఈస్టిండియా కంపెనీ పాలనలో మద్రాసు రాజధానిలో ఈ పన్నులు 'మోతుర్ఫా' అనే పేరు కిందికి చేరాయి. చేతిపనివాడు అనే అర్థమిచ్చే అరబ్బీ మాట నుండి వచ్చిన పదమిది. పదం పరాయిదైనా పన్ను పాతదే. మగ్గాలు, అంగళ్లు, ఇళ్లు, చేతిపనుల వారి పనిముట్లు దీని పరిధిలోకి వచ్చాయి. జిల్లా జిల్లాకు దర మారేది. ఒకే జిల్లాలో ఊరికి ఊరికి కూడా మారేది. చాలాచోట్ల దానికి ఆధారం పూర్వపు ఆచారం, స్థానిక ఉద్యోగి అంచనా మాత్రమే.

దీనితోపాటు కొన్ని జిల్లాలలో వర్తకులపై 'వీసబడి' అనే పన్ను అమలులో ఉండేది. వీసం అంటే పదహారవ వంతు. ఒక ఊరి వర్తక సమూహంపై సర్కారు మొత్తంగా ఒక పైకాన్ని నిర్ణయించేది. దానిని వర్తకులు తమ వ్యాపారపు స్థాయిని బట్టి వాటాలుగా పంచుకొని చెల్లించేవారు. మొత్తం ఎంత అన్నది సర్కారు చెప్పేది. ఎవరు ఎంత అన్నది ఊరు తేల్చుకొనేది. ఈ పద్ధతి న్యాయంగానే నడిచిందని చెప్పడానికి వీలులేదు. బలవంతుడైన వర్తకుడు తన వాటాను చిన్నవానిపైకి నెట్టే అవకాశం అందులో ఎప్పుడూ ఉంటుంది. అయినా పన్ను భారాన్ని కట్టేవారే కూర్చొని పంచుకొనడమనే ఆచారం సమ్మతి ప్రశ్నకు మన నేలపై ఉన్న ఒక పూర్వరూపం. మోతుర్ఫాలో ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు.

మోతుర్ఫాపై వ్యవస్థీకృతమైన నిరసన 1852లో వినిపించింది. తెలుగు వర్తక కుటుంబానికి చెందిన గాజుల లక్ష్మీనరసు సెట్టి చొరవతో ఏర్పడిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన విజ్ఞాపనలో భూమి శిస్తుతోపాటు మోతుర్ఫా కూడా ప్రధాన ఫిర్యాదుగా చోటు చేసుకొంది. నేత పనివారు, వడ్రంగులు, లోహపు పనివారు మొదలుకొని చిల్లర వర్తకుల వరకు అందరూ దాని బాధితులని ఆ విజ్ఞాపన వివరించింది. పనిముట్టుపై పన్ను పడినప్పుడు సంపాదన ఉన్నా లేకున్నా కట్టవలసిందే. మగ్గం ఆగిపోయిన నెలలో కూడా మగ్గం పన్ను ఆగదు. మోతుర్ఫా అన్యాయానికి మూలం ఇదే: అది సంపాదనను కొలవలేక సాధనాన్ని కొలిచింది.

1857 తిరుగుబాటు తరువాత ఏర్పడిన ఆర్థిక లోటును పూడ్చడానికి జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్నును ప్రవేశపెట్టాడు. దాని రాకతో మద్రాసు రాజధానిలో మోతుర్ఫా తొలగిపోయింది. సాధనం నుండి సంపాదన వైపుకు పన్ను దృష్టి మళ్లిన ఘట్టమిది. విల్సన్ పన్ను 1865లో ముగిసి, మధ్యలో లైసెన్సు పన్నుల వంటి ప్రయోగాలు నడిచి, 1886 చట్టంతో ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వ ఆదాయంగా స్థిరపడింది. ఈ మధ్యకాలంలోనే వృత్తిపై పన్ను మరొక ఇంటికి చేరింది. అదే పురపాలక సంఘం.

3. పురపాలక సంఘాల చేతికి

తెలుగు ప్రాంతంలో పురపాలక సంఘాల ఆరంభం 19వ శతాబ్ది ఆరవ దశకంలో జరిగింది. భీమునిపట్నం 1861లోను, గుంటూరు, రాజమండ్రి, కాకినాడ, మచిలీపట్నం 1866లోను పురపాలక సంఘాలయ్యాయి. మద్రాసు పట్టణాల అభివృద్ధి చట్టం 1865లోను, దాని స్థానంలో మరొకటి 1871లోను వచ్చాయి. రిప్పన్ ప్రభువు 1882 తీర్మానం తరువాత 1884లో మద్రాసు జిల్లా పురపాలక చట్టం అమలులోకి వచ్చింది. ఇంటిపన్ను, వాహనాల పన్ను, టోలు రుసుములతోపాటు వృత్తులపై పన్ను కూడా ఈ సంఘాల ఆదాయ మార్గాలలో చేరింది.

మోతుర్ఫాకు, ఈ కొత్త పన్నుకు రెండు భేదాలున్నాయి. మొదటిది, కొత్త పన్ను సంపాదన అంచనాను బట్టి మనుషులను తరగతులుగా విభజించింది. వకీలు, వైద్యుడు, వర్తకుడు, గుమాస్తా ఎవరైనా తమ తరగతికి నిర్ణయించిన మొత్తాన్ని కట్టాలి. రెండవది, వసూలైన ధనం ఆ పట్టణంలోనే ఉండిపోయింది. వీధిదీపం, మురుగుకాలువ, మంచినీటి చెరువు, ప్రాథమిక పాఠశాల, ఆసుపత్రి ఈ ఆదాయం నుండే నడవాలి. పన్ను కట్టినవాడు దాని ఫలితాన్ని తన వీధిలోనే చూడగలడు, చూడలేకపోతే అడగగలడు. పట్టణాలలో తెలుగు పత్రికలు ఎదుగుతున్న కాలం కూడా ఇదే. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమండ్రిలో స్థాపించిన వివేకవర్ధని స్థానిక అధికారుల లంచగొండితనాన్ని బయటపెట్టడం ఈ నేపథ్యంలో చూడదగినది. స్థానిక పన్ను, స్థానిక విమర్శ ఒకే కాలంలో పెరిగాయి.

1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టంలో వృత్తి పన్ను నిబంధన మరింత స్పష్టమైన రూపం తీసుకొంది. ఒక అర్ధసంవత్సరంలో మొత్తం మీద 60 రోజులకు తక్కువ కాకుండా పట్టణంలో వృత్తి సాగించినవారు ఈ పన్నుకు బద్ధులు. పట్టణంలో నివసిస్తూ బయట సంపాదించేవారు కూడా దీని పరిధిలోకి వచ్చారు. నివాసాన్నీ, పనిచేసే చోటునూ రెండింటినీ లెక్కలోకి తీసుకొన్న ఈ సూత్రం వెనుక స్పష్టమైన భావన ఉంది: పట్టణపు దారులను, దీపాలను, నీటిని వాడుకొని సంపాదించేవాడు ఎక్కడ నిద్రపోయినా పట్టణానికి కొంత బాకీ ఉంటాడు. అమెరికా నగరాల సంపాదన పన్నుకు ఆధారమైన సూత్రం కూడా ఇదేనని ముందు ముందు కనిపిస్తుంది.

4. చీరాల-పేరాల: సమ్మతి లేని పురపాలనం

స్థానిక పన్ను కాబట్టి ప్రజలు దానిని ఇష్టంగా స్వీకరించారని భావించడం పొరపాటు. చీరాల-పేరాల ఉద్యమం అందుకు ప్రబల సాక్ష్యం. నేతవారు, చిన్న వృత్తులవారు అధికంగా ఉన్న చీరాల, పేరాల గ్రామాలను మద్రాసు ప్రభుత్వం 1919లో కలిపి పురపాలక సంఘంగా మార్చింది. పన్ను భారం అనేక రెట్లు పెరిగింది. తమకు పురపాలక సంఘం వద్దని ప్రజలు విన్నవించుకొన్నారు. ఆ విన్నపాలు ఫలించలేదు. ఆనాడు మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖను చూస్తున్న మంత్రి పానగల్ రాజా తెలుగువాడే కావడం ఈ ఘట్టంలోని విశేషం.

1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ ప్రజల ముందు రెండు మార్గాలుంచారు. పన్ను నిరాకరించి ఫలితాన్ని శాంతియుతంగా అనుభవించడం ఒకటి. పురపాలక పరిధినే విడిచి వెళ్లడం రెండవది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండవ దానిని ఎంచుకొన్నారు. ఇళ్లు విడిచి, పురపాలక హద్దుకు బయట రామనగర్ అనే పందిళ్ల ఊరు కట్టుకొని సుమారు 11 నెలలు నివసించారు. రామదండు ఆ ఊరికి కావలి. గోపాలకృష్ణయ్య అరెస్టు, ధనాభావం కలిసి ఉద్యమాన్ని సన్నగిల్లజేశాయి.

జాతీయోద్యమ చరిత్రలో ఈ ఘట్టం సహాయనిరాకరణకు ఒక ఉదాహరణగా నమోదైంది. స్థానిక పాలన చరిత్రలో దీని స్థానం వేరు. ఇక్కడి వివాదం వృత్తి పన్ను ఒక్కదానికే పరిమితం కాదు. పురపాలక పన్నుల మొత్తానికి సంబంధించినది. ప్రజలు వ్యతిరేకించింది కూడా పన్ను అనే భావనను కాదు. తమ ఊరు పట్టణం కావాలో వద్దో, అందుకు ఎంత చెల్లించాలో తేల్చే అధికారం తమకు లేకపోవడాన్ని వారు వ్యతిరేకించారు. ఓటు లేనివాడు కాలితో ఓటు వేశాడు. హద్దు దాటి పోవడమే వారికి మిగిలిన బ్యాలెట్టు.

5. పరిమితి వచ్చిన విధం

1919 సంస్కరణల చట్టాన్ని అనుసరించి రూపొందిన నియమాలు వృత్తులపై పన్నును స్థానిక సంస్థలు విధించదగిన పన్నుల పట్టికలో చేర్చాయి. 1935 భారత ప్రభుత్వ చట్టం దానిని రాష్ట్రాల జాబితాలో ఉంచింది. ఆదాయంపై పన్ను మాత్రం కేంద్రానిది. ఇక్కడ ఒక చిక్కు ఏర్పడింది. వృత్తి అంటే సంపాదన. సంపాదన అంటే ఆదాయం. అలాంటప్పుడు వృత్తిపై పన్ను మారుపేరుతో వచ్చిన ఆదాయపు పన్ను కాదా?

సంయుక్త రాష్ట్రాల కాంగ్రెస్ ప్రభుత్వం 1939లో ఉద్యోగాలపై పన్నును ప్రతిపాదించినప్పుడు ఈ ప్రశ్న తీవ్రమైంది. పెద్ద జీతాల అధికారులపై పడబోయే ఆ భారం బ్రిటిష్ పార్లమెంటును కదిలించింది. 1940లో 1935 చట్టానికి 142-ఎ అనే సెక్షన్ చేరింది. వృత్తి పన్ను ఆదాయానికి సంబంధించినదనే కారణంతో చెల్లకపోదని అది ఒక చేత్తో హామీ ఇచ్చింది. ఒక వ్యక్తి నుండి ఏడాదికి 50 రూపాయలకు మించి వసూలు చేయరాదని రెండవ చేత్తో హద్దు గీసింది. రాజ్యాంగంలోని 276వ అధికరణం ఈ సెక్షనుకు వారసురాలు. హద్దు 250 రూపాయలకు పెరిగింది. 1988లో 60వ రాజ్యాంగ సవరణ దానిని 2,500 రూపాయలు చేసింది. ఆ అంకె ఇప్పటికీ అదే. 14వ ఆర్థిక సంఘం 12,000 రూపాయలకు, 15వ ఆర్థిక సంఘం 18,000 రూపాయలకు పెంచాలని సిఫారసు చేశాయి.

ఈ హద్దు పుట్టుక పెద్ద జీతగాళ్ల రక్షణ కోసం జరిగిందన్న విషయం మరువరానిది. దాని ఫలితం నేటి లెక్కలలో కనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలలోను నెలకు 15,000 రూపాయల వరకు జీతమున్నవారికి మినహాయింపు ఉంది. 20,000 వరకు నెలకు 150, ఆపైన 200 రూపాయలు పన్ను. నెలకు 20,000 రూపాయలు కాస్త దాటిన ఉద్యోగి ఏడాదికి 2,400 రూపాయలు కడతాడు. అది అతని జీతంలో ఇంచుమించు 1 శాతం. నెలకు 2 లక్షల జీతగాడు కట్టేది కూడా 2,400 రూపాయలే. అది అతని జీతంలో 0.1 శాతం. మోతుర్ఫా సంపాదనను కొలవలేక పనిముట్టును కొలిచింది. నేటి వృత్తి పన్ను సంపాదనను కొలవగలిగి కూడా ఒక గీత దగ్గర కళ్లు మూసుకొంటుంది. రెండింటిలోను భారం కింది మెట్టుమీదనే పడుతుంది.

6. 1987: చేయి మారిన పన్ను

ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత కూడా వృత్తి పన్ను స్థానిక సంస్థలదిగానే కొనసాగింది. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ వృత్తులు, వర్తకాలు, వ్యాపకాలు, ఉద్యోగాలపై పన్ను చట్టం (1987లో 22వ చట్టం) దానిని రాష్ట్ర ప్రభుత్వ ఆదాయంగా మార్చింది. వసూలు బాధ్యత వాణిజ్య పన్నుల శాఖకు చేరింది. కోల్పోయిన ఆదాయానికి బదులుగా స్థానిక సంస్థలకు రాష్ట్రం నుండి పరిహారం రావడం ఏర్పాటైంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని అనువర్తింపజేసుకొంది.

ఈ మార్పును సమర్థించే వాదంలో బలం లేకపోలేదు. చిన్న పురపాలక సంఘానికి, పంచాయతీకి వృత్తిదారుల సంపాదనను అంచనా వేసే యంత్రాంగం ఉండదు. ఊరి పెద్ద వర్తకునిపై పన్ను పెంచడానికి అదే ఊరి ఓట్లతో గెలిచిన సభ్యుడు వెనుకాడతాడు. రాష్ట్రమంతటా ఒకే దర ఉంటే, యజమానే జీతం నుండి మినహాయించి జమచేస్తే వసూలు సులభం, ఎగవేత తక్కువ. పరిపాలనా దృష్టితో చూస్తే ఈ కారణాలు నిలుస్తాయి.

నిలవనిది పరిహారం అనే మాట. పన్ను అన్నది స్థానిక సంస్థకు హక్కు. పరిహారం ఎదురుచూసే మొత్తం. పన్ను పట్టణపు సంపాదనతోపాటు పెరుగుతుంది. పరిహారం ప్రభుత్వ ఉత్తర్వుతోపాటు కదులుతుంది. కొండోజు కాలంలో ప్రజలకు మినహాయింపు అనుగ్రహంగా వచ్చినట్లే, ఇప్పుడు స్థానిక సంస్థకు దాని సొంత ఆదాయమే పైనుండి దిగివచ్చే ఏర్పాటైంది. ఐదేళ్ల తరువాత 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించి, వాటికి పన్ను అధికారాలు అప్పగించే వీలును 243-ఎక్స్ అధికరణంలో రాష్ట్ర శాసనసభలకు వదిలింది. ఆ వీలు వృత్తి పన్ను విషయంలో తెలుగునాట వినియోగానికి రాలేదు.

తమిళనాడు చరిత్ర ఇక్కడ తగిన పోలిక. ఒకే మద్రాసు చట్టాల వారసత్వమున్న ఆ రాష్ట్రం కూడా 1992లో ప్రత్యేక చట్టంతో ఈ పన్నును తన చేతిలోకి తీసుకొంది. 1998లో దానిని తిరిగి స్థానిక సంస్థలకు అప్పగించింది. అక్కడ నేటికీ అర్ధసంవత్సరానికి ఒకసారి ఈ పన్ను కార్పొరేషనుకు, పురపాలక సంఘానికి, గ్రామ పంచాయతీకి చేరుతుంది. కేరళలోను ఇది స్థానిక సంస్థల పన్నే. కాబట్టి రాష్ట్రం చేతిలోకి పోవడం అనివార్యమైన పరిణామం కాదు. అది ఒక ఎంపిక.

7. మిస్సోరీ నగరాలు: పన్ను కోసం ఓటరు ముందు

ఆ ఎంపికలో ప్రజల పాత్ర ఎలా ఉండవచ్చునో అమెరికా అనుభవం చూపుతుంది. అక్కడ నగరస్థాయి సంపాదన పన్ను మహామాంద్యం చివరి దశలో ఫిలడెల్ఫియాలో నిలదొక్కుకొంది. 1939లో ఆ నగరం చేసిన చట్టం తరువాతి నగరాలకు మార్గమైంది. మిస్సోరీలోని సెయింట్ లూయిస్ 1940ల ద్వితీయార్ధంలో ఆ దారి పట్టింది. రాష్ట్ర శాసనసభ అనుమతి లేకుండా నగరానికి స్వతహాగా ఈ పన్ను వేసే అధికారం లేదని మిస్సోరీ సుప్రీంకోర్టు 1947లో తీర్పు చెప్పింది. తరువాత శాసనసభ అనుమతించింది. 1959 నుండి అక్కడి దర 1 శాతం. కేన్సస్ సిటీ 1963లో ఓటర్ల ఆమోదంతో దీనిని చేపట్టి, తరువాత 1 శాతానికి పెంచింది.

సెయింట్ లూయిస్‌కు ఈ పన్ను ఎందుకు అంత అవసరమైందో దాని భౌగోళిక చరిత్ర చెబుతుంది. 1876లో ఆ నగరం తన కౌంటీ నుండి విడిపోయి సరిహద్దులను స్థిరపరచుకొంది. అప్పుడు లాభమనిపించిన ఆ గీత తరువాత సంకెలగా మారింది. 1950లో 8,56,796గా ఉన్న జనాభా 2010 నాటికి 3,19,294కు పడిపోయింది. మనుషులు గీత దాటి శివార్లకు పోయారు. పని కోసం రోజూ నగరానికే వచ్చారు. ఇంటిపన్ను వారిని అందుకోలేదు. సంపాదన పన్ను మాత్రం అందుకొంది. సెయింట్ లూయిస్ సాధారణ ఆదాయంలో సుమారు మూడవ వంతు, కేన్సస్ సిటీలో సుమారు 40 శాతం ఈ పన్ను నుండే వచ్చేది.

2010 నవంబరులో మిస్సోరీ ఓటర్లు 'ప్రతిపాదన ఎ' అనే చట్టాన్ని సుమారు 68 శాతం ఓట్లతో ఆమోదించారు. సంపన్న పెట్టుబడిదారు రెక్స్ సింక్‌ఫీల్డ్ దానికి ప్రధాన ఆర్థిక దన్ను. ఆ చట్టం ప్రకారం మరే నగరమూ కొత్తగా సంపాదన పన్ను వేయరాదు. ఉన్న రెండు నగరాలు 2011 నుండి ఐదేళ్లకొకసారి దానిని కొనసాగించాలా వద్దా అని తమ ఓటర్లను అడగాలి. ఓటరు కాదంటే పన్ను పదేళ్లలో దశలవారీగా అంతమవుతుంది.

పన్నును నిలుపుకోవడానికి నగర పాలకులు బహిరంగంగా ముందుకు వచ్చారు. సెయింట్ లూయిస్ మేయర్ ఫ్రాన్సిస్ స్లే, ఆ తరువాతి విడతలో కేన్సస్ సిటీ మేయర్ స్లై జేమ్స్ వంటివారు కొనసాగింపును కోరారు. మిస్సోరీ చట్టం ప్రకారం బ్యాలెట్టు ప్రతిపాదనకు అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని ప్రజాధనాన్ని ప్రచారానికి వాడరాదు. పదవిలో ఉన్నవారు సభలకు వెళ్లి తమ అభిప్రాయం చెప్పడానికి అడ్డులేదు. ఈ నియమం వల్ల స్థానిక ప్రభుత్వపు మద్దతు ఖజానా బలంతో కాక వాదబలంతో నిలవవలసి వచ్చింది. అగ్నిమాపక దళం, పోలీసు, చెత్త సేకరణ ఏ ధనంతో నడుస్తున్నాయో పాలకులు వివరించవలసి వచ్చింది. 2011 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్ ఓటర్లలో సుమారు 88 శాతం, కేన్సస్ సిటీలో సుమారు 78 శాతం పన్నును కొనసాగించమన్నారు. 2016లో ఈ శాతాలు వరుసగా సుమారు 72, 77. 2021లో సుమారు 79, 76. రాష్ట్రమంతటి ఓటరు అనుమానించిన పన్నును నగర ఓటరు మూడుసార్లు నిలబెట్టాడు.

ఈ చిత్రానికి నీడ కూడా ఉంది. నగరంలో పనిచేసి బయట నివసించేవాడు పన్ను కడతాడు, ఓటు మాత్రం అతనికి లేదు. సెయింట్ లూయిస్‌లో ఓటు వేసినవారి సమ్మతి వేయలేనివారి జేబుకు కూడా వర్తించింది. కోవిడ్ కాలంలో ఇంటినుండే పనిచేసిన బయటివారు కట్టిన పన్నును తిరిగి ఇవ్వాలని నగరంపై వ్యాజ్యం నడిచింది. 2023 జనవరిలో న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పగా, 2024లో అప్పీలు కోర్టు దానిని సమర్థించింది. పనిచేసే చోటు కదిలితే పన్ను పునాది కూడా కదులుతుందని ఆ తీర్పులు స్పష్టం చేశాయి. కనుక మిస్సోరీ పద్ధతి నిర్దోషమైన ఆదర్శం కాదు. కాని అక్కడ ప్రశ్న అడిగారు, జవాబు లెక్కించారు. వాదోపవాదాలకు ఒక తేదీ, ఒక వేదిక ఉన్నాయి.

ముగింపు

సంపాదనపై స్థానిక పన్ను చరిత్రలో సమ్మతి నాలుగు రూపాలలో కనిపిస్తుంది. విజయనగర కాలంలో అది ప్రభువు అనుగ్రహం. వీసబడిలో అది భారాన్ని పంచుకొనే పరిమితమైన స్వేచ్ఛ. చీరాల-పేరాలలో అది తిరస్కారం. మిస్సోరీ నగరాలలో అది ఐదేళ్లకొకసారి తిరిగి సంపాదించవలసిన ఓటు. 1987లో తెలుగునాట జరిగిన మార్పు ఈ నాలుగింటిలో దేనికీ చెందదు. అక్కడ ఎవరూ ఇవ్వలేదు, పంచుకోలేదు, తిరస్కరించలేదు, ఓటు వేయలేదు. పట్టణపు పన్ను రాష్ట్రపు పన్నుగా మారిన సంగతి చాలామంది జీతగాళ్ల ఎరుకలోకే రాలేదు. కోత ఉంది, పేరు ఉంది. డబ్బు చేరే ఊరు మారింది.

పన్నుకు, పన్ను కట్టేవాని వీధికి మధ్య ఉన్న సంబంధం తెగినప్పుడు పౌరుడు ప్రశ్నించే అలవాటు కూడా తెగుతుంది. మురుగుకాలువ నిండినప్పుడు నేటి ఉద్యోగి తన వృత్తి పన్నును గుర్తు చేసుకోడు, ఎందుకంటే ఆ రెండింటికీ సంబంధం అతనికి కనిపించదు. పురపాలక సంఘం తన పట్టణ సంపాదనను పెంచే ప్రయత్నానికి ప్రతిఫలం ఆశించదు, ఎందుకంటే పెరిగిన సంపాదనలో దానికి నేరుగా దక్కేది లేదు. పన్నును స్థానిక సంస్థలకు తిరిగి అప్పగించాలా వద్దా అన్నది శాసనకర్తల నిర్ణయం. వసూలును రాష్ట్రం చేతిలో ఉంచి, ఏ పట్టణంలో వచ్చిన మొత్తాన్ని ఆ పట్టణానికే హక్కుగా జమచేసే మధ్యేమార్గం కూడా ఉంది. ఏ మార్గం ఎంచుకొన్నా, 276వ అధికరణపు హద్దు కింది మెట్టుపై మోపుతున్న అసమాన భారాన్ని విడిచి ఆ చర్చ పూర్తికాదు.

శిస్తు చరిత్రకు ఉన్నంత విస్తృతి వృత్తి పన్ను చరిత్రకు కూడా ఉంది. దానికి సంబంధించిన ఆధారాలు శాసనాలలో, జిల్లా రికార్డులలో, పురపాలక సంఘాల తీర్మాన పుస్తకాలలో, తొలినాటి తెలుగు పత్రికలలో చెదిరి ఉన్నాయి. మోతుర్ఫా, వీసబడి వంటి పదాలు నిఘంటువుల మూలలకు చేరకముందు ఎవరి బతుకులను తాకాయో తేల్చడానికి ఆ ఆధారాలను భాషాసాహిత్య పరిశోధకులు, చరిత్రకారులు కలిసి చదవవలసి ఉంది. మగ్గం మీద కూర్చొన్నవాడు, బల్ల ముందు కూర్చొన్నవాడు ఒకే పన్నుకు వారసులన్న స్పృహ ఆ పఠనం నుండే కలుగుతుంది.